జెంటిల్ జయంట్: ప్రోగ్రెసివ్ రాక్‌లో ఒక అల్లిక సంగీతం

జెంటిల్ జయంట్ 1970లో ఇంగ్లండులో ఏర్పడి, 1980 జూన్ వరకు పనిచేసి, ఆ పదేళ్ళలో పదకొండు స్టూడియో ఆల్బములను, ఒక జంట కచేరీ ఆల్బమును వెలువరించిన ప్రోగ్రెసివ్ రాక్ బృందం. ఒకే కాలంలో, ఒకే దేశంలో, ఒకే సంగీత శాఖలో పనిచేసిన పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ వంటి బృందాల పేర్లు ప్రపంచమంతటా వ్యాపించగా, వాటితో సమానమైన ప్రతిభ గల ఈ బృందం మాత్రం సంగీతకారులకూ, పట్టుదల గల అభిమానులకూ తెలిసిన పేరుగానే మిగిలిపోయింది. ఒకే వాద్యంలో ఆరితేరిన విద్వాంసులు రాక్ సంగీతంలో ఎందరో ఉన్నారు. కానీ ఐదారుగురు కలిసి, ఒకరి పలుకు మరొకరి పలుకులో ఇమిడిపోయేట్లు, ఎవరి దారి వారిదిగా ఉంటూనే అందరిదీ ఒకే పాటయ్యేట్లు అల్లిన అల్లికలో ఈ బృందాన్ని మించినవారు ఆ శాఖలో లేరు. ఈ అల్లికే దాని గొప్పతనం; సామాన్య శ్రోతకు అది దూరం కావడానికీ ఈ అల్లికే కారణం.

ప్రోగ్రెసివ్ రాక్ అనే పేరు

రాక్ సంగీతం 1950లలో అమెరికాలో నల్లజాతి వారి బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్ బాణీలనుండి పుట్టి, ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్, గాత్రం ముఖ్యాంగాలుగా స్థిరపడిన జనరంజక సంగీతం. 1960ల చివరలో బ్రిటన్‌లో కొందరు యువకులు మూడు నిమిషాల ప్రేమపాట అనే హద్దును కాదని, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపద సంగీతాలలోని నిర్మాణాలను రాక్‌లోకి తెచ్చారు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే లాంగ్ ప్లే రికార్డు అప్పటికి బాగా వ్యాప్తిలోకి రావడంతో, విడివిడి పాటలకు బదులు ఆల్బము మొత్తాన్ని ఒకే కృతిగా భావించే వీలు వారికి కలిగింది. 1969 అక్టోబరులో వచ్చిన కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బము ఈ ధోరణికి తొలి పూర్తి రూపమని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. ‘ప్రోగ్రెసివ్’ అన్న విశేషణాన్ని తెలుగులో ‘అభ్యుదయ’ అని అనువదించవచ్చు గానీ, 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిననాటినుండి ఆ మాట మన సాహిత్యంలో ఒక రాజకీయ దృక్పథానికి గుర్తుగా నిలిచిపోయింది. ఈ సంగీతానికి ఆ దృక్పథంతో సంబంధం లేదు కనుక, ఇక్కడ ప్రోగ్రెసివ్ రాక్ అనే వాడుక పేరునే ఉంచడం ఉచితం.

షుల్మన్ సోదరులు

బృందానికి కేంద్రం ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు ఫిల్ షుల్మన్ 1937లో, రెండవవాడు డెరెక్ 1947లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించగా, చిన్నవాడు రే 1949లో ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న పోర్ట్స్‌మత్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి జాజ్ ట్రంపెట్ వాయించేవాడు. ఆయన ప్రోత్సాహంతో పిల్లలు చిన్ననాడే రకరకాల వాద్యాలు పట్టుకున్నారు. తరువాతి కాలంలో వేదికపై ఈ సోదరులు ఒక వాద్యం దించి మరొకటి ఎత్తుకోవడంలో కనబడే సులువు ఆ ఇంటినుండి వచ్చినదే.

జెంటిల్ జయంట్‌కు ముందు ముగ్గురూ కలిసి సైమన్ డుప్రీ అండ్ ద బిగ్ సౌండ్ అనే బృందాన్ని నడిపారు. అది సోల్, రిథమ్ అండ్ బ్లూస్ బాణీలు వాయించే బృందం. 1967 చివరలో, నిర్వాహకుల ఒత్తిడిపై, తమ స్వభావానికి ఏమాత్రం పొసగని ‘కైట్స్’ అనే స్వాప్నిక గీతాన్ని వారు రికార్డు చేయగా, అది బ్రిటిష్ జనాదరణ పట్టికలో మొదటి పదింటిలో చేరింది. అప్పటికింకా ఎల్టన్ జాన్ అనే పేరు పెట్టుకోని ఒక యువ పియానో వాదకుడు ఆ రోజుల్లో కొంతకాలం వీరితో కచేరీలకు తిరిగాడు. విజయం వచ్చినందుకు సంతోషించాల్సిన సోదరులు, తమది కాని పాటకు వచ్చిన పేరు తమను జీవితాంతం వెంటాడుతుందని భయపడి, 1969లో ఆ బృందాన్ని మూసివేశారు. జెంటిల్ జయంట్ చరిత్ర అంతటికీ ఈ నిర్ణయమే తాళంచెవి. జనాదరణ రుచి చూసి, దాన్ని తెలిసి వదులుకుని, ఏడాది తిరగకుండా అందుకు పూర్తిగా వ్యతిరేకమైన దిశలో నడిచిన ఇలాంటి సంగీతకారులు రాక్ చరిత్రలో అరుదు.

కొత్త బృందానికి కెర్రీ మినియర్ రావడంతో రూపం ఏర్పడింది. లండనులోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో స్వరరచన అభ్యసించిన మినియర్ పియానో, ఆర్గన్, సింథసైజర్, వైబ్రఫోన్, చెల్లో వాయించగలవాడు. మధ్యయుగపు, పునరుజ్జీవన కాలపు ఐరోపా సంగీత పద్ధతులు క్షుణ్ణంగా తెలిసినవాడు. గొంతు మాత్రం మెత్తనిది, దాదాపు గుసగుస. గిటారు వాదకుడు గ్యారీ గ్రీన్ బ్లూస్ సంప్రదాయంనుండి వచ్చాడు. డెరెక్ గొంతు గట్టిది, నిక్కచ్చి అయినది. రే బేస్ గిటారుతోపాటు వయొలిన్ వాయించేవాడు. ఫిల్ శాక్సఫోన్, ట్రంపెట్ పట్టేవాడు. డ్రమ్స్‌పై మొదటి రెండు ఆల్బములకు మార్టిన్ స్మిత్, మూడవదానికి మాల్కమ్ మార్టిమోర్ ఉండగా, మార్టిమోర్ మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడడంతో 1972లో వేల్స్ దేశస్థుడైన జాన్ వెదర్స్ వచ్చి చివరిదాకా నిలిచాడు. వెదర్స్ దెబ్బ సూటిగా, బరువుగా ఉంటుంది. మిగిలినవారు ఎన్ని మెలికలు తిరిగినా వినేవాడి కాలు నేలమీద నిలిచేట్లు చేసింది ఆయనే.

అల్లిక ఎలా ఉంటుంది

భారతీయ శాస్త్రీయ సంగీతం ప్రధానంగా ఒకే స్వరధారను అనుసరించి సాగుతుంది. గాయకుడు పాడినదాన్ని వయొలిన్ అనుసరిస్తుంది, మృదంగం దాని నడకను చెక్కుతుంది. పాశ్చాత్య సంగీతంలో రెండు, మూడు, నాలుగు స్వతంత్ర స్వరధారలు ఏకకాలంలో నడుస్తూ, ప్రతి క్షణంలోనూ ఒకదానితో ఒకటి పొందిక కలిగి ఉండే పద్ధతి ఒకటుంది. దానిని కౌంటర్‌పాయింట్ అంటారు. జెంటిల్ జయంట్ అల్లికలో మొదటి పద్ధతి అదే. ఒక ధార ఎత్తుకున్న పల్లవిని కొంత వ్యవధి తరువాత రెండవ ధార వేరే స్థాయిలో ఎత్తుకుని, ఆపై మూడవది, నాలుగవది చేరి, ఒకదాన్నొకటి తరుముతూ సాగే రచనను ఫ్యూగ్ అంటారు. జర్మన్ స్వరకర్త బాఖ్ (1685-1750) ఈ పద్ధతికి పరాకాష్ఠ. తెలుగు శ్రోతలకు ఇది పూర్తిగా అపరిచితం కాదు. ఇళయరాజా సినిమా పాటల వెనుక నడిచే వయొలిన్ల బృందంలోనూ, 1986 నాటి ఆయన వాద్యసంగీత ఆల్బము ‘హౌ టు నేమ్ ఇట్’లో ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’ అన్న రచనలోనూ ఈ పద్ధతి వినబడుతుంది. కంటితో చూసి గ్రహించదలచినవారికి జడ కోలాటం చాలు. పైనుండి వేలాడే తాళ్ళను తలా ఒకటి పట్టుకుని ఆటగాళ్ళు ఒకరి పక్కనుంచి ఒకరు, ఒకసారి లోపలినుంచి, ఒకసారి వెలుపలినుంచి తిరుగుతుంటే, ఎవరి అడుగులు వారివే అయినా పైన జడ పడుతుంది. వెనక్కి తిరిగితే అదే జడ చిక్కు లేకుండా విడిపోతుంది. ఫ్యూగ్ నిర్మాణం సరిగ్గా అలాంటిది.

రెండవ పద్ధతి హాకెట్. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల ఐరోపా చర్చి సంగీతంలో పుట్టిన ఈ పద్ధతిలో ఒకే స్వరవాక్యాన్ని ముక్కలు చేసి గాయకులకు పంచుతారు; ఒకరు పాడుతున్నప్పుడు రెండవవారు మౌనంగా ఉండి, మొదటివారు ఆగిన చోట అందుకుంటారు. విడివిడిగా వింటే ఎవరి భాగానికీ అర్థం ఉండదు. హైదరాబాదు పాతబస్తీవారికి ఈ సూత్రం పుస్తకం లేకుండానే తెలుసు. మలక్‌పేట, ఆజంపురా, చంచల్‌గూడ వీధుల్లో బరాత్ (పెళ్ళి ఊరేగింపు) కదిలేటప్పుడు మోగే మర్ఫాలో ఒక్కో వాద్యగాడు వాయించేది చిన్న ముక్క మాత్రమే. పెద్ద డోలు ఒక చోట పడుతుంది, చిన్న నగారా మరో చోట చిటపటలాడుతుంది, బిందె మీద పుల్ల ఆ రెండింటి నడుమ ఖాళీని నింపుతుంది. వినేవారికి మాత్రం అడుగు వేయించే ఒకే నడక వినబడుతుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బులు, తూర్పు ఆఫ్రికా సిద్దీలు నిజాం సైన్యాలతోపాటు ఈ నగరానికి తెచ్చిన ఆ లయవిద్యకూ, పోర్ట్స్‌మత్ సోదరుల బృందానికీ చారిత్రక సంబంధం ఏదీ లేదు. అయినా ముక్కలను పంచుకుని మొత్తాన్ని కట్టడం అనే సూత్రం రెండింటిలోనూ ఒక్కటే. మర్ఫా విని పెరిగిన చెవి జెంటిల్ జయంట్ ముందు కొత్తదనంతో తడబడవచ్చు గానీ, పరాయిదనంతో తడబడనవసరం లేదు.

మూడవది లయ. పాశ్చాత్య జనరంజక సంగీతం దాదాపు అంతా నాలుగు దెబ్బల ఆవర్తంపై నడుస్తుంది. జెంటిల్ జయంట్ ఐదు, ఏడు దెబ్బల ఆవర్తాలను వాడడమేగాక, ఒక వాద్యం ఒక లెక్కలోనూ మరొక వాద్యం వేరొక లెక్కలోనూ సాగుతూ కొన్ని ఆవర్తాల తరువాత కలుసుకునే ఏర్పాటును తరచుగా వాడుతుంది. ఖండ, మిశ్ర గతులు తెలిసిన కర్ణాటక సంగీత రసికుడికి, తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు కట్టిన ముక్తాయింపు ఎక్కడెక్కడో తిరిగి సమానికి వచ్చి పడినప్పుడు కలిగే ఊరట ఎలాంటిదో ఎరుకే; ఈ బృందం వాయిద్యంలో ఆ ఊరట పాటకు నాలుగుసార్లు కలుగుతుంది. పాట ఎత్తుగడ దెబ్బకు ముందో వెనుకో పడడాన్ని మన లక్షణ గ్రంథాలు అతీత, అనాగత గ్రహాలని పేర్కొంటాయి. డెరెక్ షుల్మన్ పాడే పంక్తులు చాలాచోట్ల ఇలాంటి ఎత్తుగడలతో మొదలవుతాయి.

ఆల్బముల క్రమం

మొదటి ఆల్బము బృందం పేరుతోనే 1970లో వెర్టిగో సంస్థ ద్వారా వచ్చింది. నిర్మాత టోనీ విస్కాంటి. ముఖచిత్రంపై బృందాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తున్న గడ్డపు రాక్షసుడిని జార్జి అండర్‌వుడ్ చిత్రించాడు. ఆ దయగల ముఖం తరువాత బృందానికి గుర్తుగా నిలిచింది. ‘ఫన్నీ వేస్’ అనే మెత్తని పాట, ‘డ్రాక్యులా’ పేరును తిరగరాసి పెట్టిన ‘అలుకార్డ్’ అనే కరకు పాట ఇందులో పక్కపక్కనే వస్తాయి. 1971 నాటి ‘అక్వైరింగ్ ద టేస్ట్’ రికార్డు అట్టపై బృందం తమ ఉద్దేశాన్ని ప్రకటించింది: జనానికి దూరమయ్యే ప్రమాదం ఉన్నా సరే, సమకాలీన జనరంజక సంగీతపు సరిహద్దులను జరపడమే తమ పని అని దాని సారాంశం. పదేళ్ళపాటు ఆ మాటకు కట్టుబడి, దాని మూల్యం పూర్తిగా చెల్లించిన తీరును చూస్తే అది యువకుల ఆవేశం కాదని తేలుతుంది. ఈ ఆల్బములోని ‘పాంటాగ్రుయెల్స్ నేటివిటీ’ పదహారవ శతాబ్దపు ఫ్రెంచి రచయిత రాబ్లే సృష్టించిన మహాకాయుడి జననాన్ని గురించినది. రాక్షసుడి పేరు పెట్టుకున్న బృందానికి ఆ కథ సహజంగానే నచ్చింది.

1972లో వచ్చిన ‘త్రీ ఫ్రెండ్స్’ ఒకే కథను చెప్పే ఆల్బము. బడిలో కలిసి చదివిన ముగ్గురు మిత్రులు పెరిగి, ఒకడు కూలీగా, ఒకడు చిత్రకారుడిగా, ఒకడు ఉద్యోగిగా విడిపోయే కథ అది. బడి పాటలో మినియర్ గొంతు, కూలీ పాటలో డెరెక్ గొంతు, చిత్రకారుడి పాటలో చివరకు పగిలిపోయే గ్రీన్ గిటారు చెప్పవలసినదంతా చెప్పేస్తాయి.

అదే ఏడాది చివర వచ్చిన ‘ఆక్టోపస్’ దగ్గర కొంతసేపు ఆగాలి. ఎనిమిది కాళ్ళ జలచరం పేరులోనే ఎనిమిది రచనలు అనే లాటిన్ శ్లేష దాగి ఉంది. ఆ పేరు సూచించినది ఫిల్ భార్య. ఎనిమిది పాటల మొత్తం నిడివి 34 నిమిషాలు. మొదటి పాట మళ్ళీ రాబ్లే కథనుండే వచ్చింది; మరొకటి ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ ఆలోచనలనుండి వచ్చింది. ‘ద బాయ్స్ ఇన్ ద బ్యాండ్’ అనే మాటలు లేని రచన బల్లపై గిరగిర తిరిగి పడిపోయే నాణెం చప్పుడుతో మొదలవుతుంది. అన్నిటికంటె పేరుపొందినది ‘నాట్స్’. స్కాటిష్ మనోవైద్యుడు ఆర్.డి. లేయింగ్ 1970లో అదే పేరుతో, అంటే ‘ముడులు’ అనే అర్థంలో, ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. భార్యాభర్తలు, తల్లీబిడ్డలు ఒకరి మనసులో తమ గురించి ఏముందోనని ఊహించుకుంటూ, ఆ ఊహపై మరో ఊహ కడుతూ చిక్కుపడే తీరును అందులో సంభాషణ వంటి చిన్న వాక్యాలలో చూపాడు. జెంటిల్ జయంట్ ఆ ముడులను గొంతులతో వేసింది. నాలుగు గొంతులు వాద్యాల తోడు లేకుండా ఒక్కో మాటను విరిచి పంచుకుంటాయి; ఒకరి అనుమానం ముగియకముందే మరొకరి అనుమానం దానిలోకి చొచ్చుకువస్తుంది. పాశ్చాత్య సంగీతంలో పదహారవ శతాబ్దపు బృందగానమైన మాడ్రిగల్‌కు ఇది దగ్గర. ఇక్కడ హాకెట్ అనే పాత పద్ధతి అలంకారంగా రాలేదు. పాట విషయమే దాన్ని కోరింది. విడదీయలేని మనుషుల గురించి విడదీయలేని స్వరాలతో పాడడం కంటె సరైన దారి మరొకటి ఉండదు. ఈ ఒక్క పాట చాలు, బృందంపై తరచు మోపే ‘పాండిత్య ప్రదర్శన’ అనే ఆరోపణకు జవాబు చెప్పడానికి. అదే ఆల్బములోని ‘థింక్ ఆఫ్ మీ విత్ కైండ్‌నెస్’లో మినియర్ ఒక సాదా వీడ్కోలు పాటను ఎలాంటి మెలికా లేకుండా పాడతాడు.

‘ఆక్టోపస్’ తరువాత ఫిల్ కుటుంబ బాధ్యతల దృష్ట్యా బృందాన్ని వీడాడు. పెద్దన్న వెళ్ళిపోవడంతో ఇల్లు కూలుతుందని అనుకున్నవారికి 1973 నాటి ‘ఇన్ ఎ గ్లాస్ హౌస్’ సమాధానమిచ్చింది. గాజు పగిలే చప్పుళ్ళను వరుసగా పేర్చి, వాటినే తాళంగా మార్చి, దానిపై మొదటి పాటను ఎత్తుకునే ప్రారంభం నేటికీ కొత్తగా వినబడుతుంది. అమెరికాలోని రికార్డు సంస్థ దీన్ని విడుదల చేయడానికి నిరాకరించింది. అక్కడి అభిమానులు బ్రిటన్‌నుండి దిగుమతి చేసుకున్న ప్రతులను అధిక ధర పెట్టి కొనుక్కున్నారు.

1974 నాటి ‘ద పవర్ అండ్ ద గ్లోరీ’ అధికారం మనిషిని ఎలా చెడగొడుతుందో చెప్పే ఆల్బము. ముఖచిత్రం పేకముక్కలోని రాజు. వాటర్‌గేట్ కుంభకోణంలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ ఏడాది ఆగస్టు 9న రాజీనామా చేయగా, కొద్ది వారాలకే వెలువడిన ఈ రికార్డు ఏ దేశాన్నీ, ఏ నాయకుణ్ణీ పేర్కొనదు. ‘ప్రొక్లమేషన్’ అనే మొదటి పాటలో నాయకుడు ప్రజలకు హామీలిస్తాడు, చివరి పాట ‘వలెడిక్టరీ’లో అదే బాణీ కరకుగా, బొంగురుగా తిరిగివస్తుంది, మారింది హామీ కాదు, దాన్నిచ్చే గొంతు. నడుమ ‘కాగ్స్ ఇన్ కాగ్స్’ పళ్ళచక్రంలో పళ్ళచక్రం ఇరుక్కుని తిరిగే పాలనాయంత్రాన్ని వర్ణిస్తుంది, వాద్యాలూ గొంతులూ కూడా ఆ చక్రాల్లాగే ఒకదాన్నొకటి తిప్పుతూ సాగుతాయి. మూడు నిమిషాల కొద్దిపాటి వ్యవధిలో ఇంత ఇరికించడం తెలుగు పాఠకులకు కందపద్యాన్ని గుర్తుకు తెస్తుంది: గణాలు, యతి, ప్రాస, జగణం ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండరాదో అన్న కట్టుబాట్లన్నీ నాలుగు పొట్టి పాదాల్లోనే నెగ్గుకురావాలి. తక్కిన ప్రోగ్రెసివ్ బృందాలు రికార్డు ఒక వైపంతా పట్టే రచనలతో పేరు తెచ్చుకుంటుండగా, జెంటిల్ జయంట్ పాటలు ఎక్కువగా మూడు నుండి ఏడు నిమిషాల లోపే ముగిశాయి. ఈ సాంద్రతే శ్రోతకు ఊపిరి తీసుకునే చోటు లేకుండా చేసిందని ఒప్పుకోవాలి.

1975 నాటి ‘ఫ్రీ హ్యాండ్’ ఈ సాంద్రతకూ, శ్రోత సుఖానికీ నడుమ సమతూకం సాధించిన ఆల్బము. పాత నిర్వాహకులనుండి బయటపడిన స్వేచ్ఛ దాని పేరులోనూ, ఊపులోనూ తెలుస్తుంది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 48వ స్థానానికి చేరింది. బృందం జీవితంలో అదే ఎత్తైన మెట్టు. వేళ్ళతో వేసే చిటికెలతో మొదలయ్యే ‘జస్ట్ ద సేమ్’, నాలుగు గొంతులు తోడు లేకుండా ఫ్యూగ్ పద్ధతిలో ఎత్తుకునే ‘ఆన్ రిఫ్లెక్షన్’, పాంగ్ అనే వీడియో ఆట చప్పుడుతో మొదలయ్యే ‘టైమ్ టు కిల్’ ఇందులోనివి. 1976 నాటి ‘ఇంటర్వ్యూ’ విలేకరుల అరిగిపోయిన ప్రశ్నలతో విసిగిన బృందం తానే ఒక కల్పిత సంభాషణ అల్లి, పాటల నడుమ పేర్చిన ప్రయత్నం.

వేదికపై

రికార్డులలో ఇన్ని పొరలు ఒకదానిపై ఒకటి పేర్చి తయారుచేసినవారు వేదికపై తేలిపోతారని ఎవరైనా అనుకుంటారు. జెంటిల్ జయంట్ విషయంలో జరిగింది దీనికి విరుద్ధం. ఐదుగురు కలిసి ఇరవైకి పైగా వాద్యాలను మారుస్తూ, రికార్డు చేసిన పాటలను యథాతథంగా అప్పగించక, వేదిక కోసం కొత్తగా పొదిగేవారు. ‘ఆన్ రిఫ్లెక్షన్’ను గొంతులతో కాక వయొలిన్, చెల్లో, రికార్డర్, వైబ్రఫోన్‌లతో మెల్లగా విప్పి, ఆపై గొంతులకు అప్పగించేవారు. రికార్డర్ అంటే నిలువుగా పట్టి ఊదే కర్ర పిల్లనగ్రోవి. ఒక దశలో గిటారులు దించి ఐదుగురూ డోళ్ళపైకి వచ్చి తాళవాద్య కచేరీ చేసేవారు. 1976 ఐరోపా యాత్రలో రికార్డయి, 1977లో రెండు రికార్డుల జతగా వచ్చిన ‘ప్లేయింగ్ ద ఫూల్’ ఈ కచేరీలకు సాక్ష్యం; రాక్ సంగీతంలోని ఉత్తమ కచేరీ ఆల్బములలో దాన్ని లెక్కించడానికి సంకోచించనవసరం లేదు.

అయితే వేదిక అన్నిచోట్లా ఒకేలా లేదు. ఇటలీలో వీరికి పెద్ద బృందాలతో సమానమైన ఆదరణ దొరికింది. అమెరికాలో 1972లో బ్లాక్ సబ్బాత్ వంటి బరువైన రాక్ బృందం కచేరీకి ముందు వాయించవలసి వచ్చినప్పుడు, వయొలిన్లు, పిల్లనగ్రోవులు పట్టుకుని వచ్చిన వీరిని శ్రోతలు గేలిచేశారు.

చివరి సంవత్సరాలు

1976-77 నాటికి బ్రిటన్‌లో పంక్ రాక్ తలెత్తింది. మూడు స్వరమేళనలు (కార్డ్స్), గట్టి కోపం చాలునని, ప్రోగ్రెసివ్ రాక్ ఆడంబరమని తిరస్కరించిన ఉద్యమమది. జెంటిల్ జయంట్ పాటలను సరళం చేసుకుని కొత్త గాలికి సర్దుకోవాలని చూసింది. 1977 నాటి ‘ద మిస్సింగ్ పీస్’లో మొదటి వైపు తేలిక పాటలు, రెండవ వైపు పాత పద్ధతి పాటలు ఉండడం ఆ తడబాటును బయటపెడుతుంది. 1978 నాటి ‘జయంట్ ఫర్ ఎ డే’ వీరి ఆల్బములలో బలహీనమైనది. కత్తిరించి ముఖానికి కట్టుకొమ్మని అట్టపై రాక్షసుడి ముఖాన్ని అచ్చువేశారు. లోపలి సంగీతం కూడా తమది కాని ముఖం తగిలించుకున్నట్లే ఉంటుంది. లాస్ ఏంజెలిస్‌లో, ఒకప్పుడు బీటిల్స్ పాటలు రికార్డు చేసిన జెఫ్ ఎమెరిక్ సాంకేతిక సాయంతో తయారైన ‘సివిలియన్’ 1980లో వచ్చింది. పదేళ్ళక్రితం తమది కాని పాటతో గెలవడానికి ఇష్టపడనివారు, ఇప్పుడు తమది కాని పాటతో ఓడిపోవడానికీ ఇష్టపడలేదు. 1980 జూన్ 16న లాస్ ఏంజెలిస్‌లోని రాక్సీ అనే వేదికపై చివరి కచేరీ చేసి విరమించారు.

తరువాతి కాలం

డెరెక్ షుల్మన్ రికార్డు సంస్థల వైపు వెళ్ళి, బాన్ జోవి, డ్రీమ్ థియేటర్ వంటి బృందాలను వెలుగులోకి తెచ్చిన అధికారిగా పేరుపొందాడు. రే షుల్మన్ నిర్మాతగా మారి, ఐస్‌లాండు గాయని బ్యోర్క్ సభ్యురాలిగా ఉన్న షుగర్‌క్యూబ్స్ బృందానికీ, ద సండేస్ బృందానికీ ఆల్బములు చేసి, 2023 మార్చి 30న మరణించాడు. మినియర్ క్రైస్తవ భక్తి సంగీతానికి మళ్ళాడు. అమెరికాలోని స్పాక్స్ బియర్డ్, ఎకోలిన్ వంటి తరువాతి తరం బృందాలు వీరి గొంతుల అల్లికను బాహాటంగా స్వీకరించాయి. 2014 నుండి బ్రిటిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ అసలు టేపులను తీసుకుని ‘ద పవర్ అండ్ ద గ్లోరీ’, ‘ఆక్టోపస్’, ‘ఫ్రీ హ్యాండ్’ మొదలైన ఆల్బములను కొత్తగా మిశ్రమం చేయడంతో, పాత రికార్డులలో ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ధారలు విడివిడిగా తెలిసివచ్చాయి. 2019లో ముప్పై డిస్కుల ‘అన్‌బరీడ్ ట్రెజర్’ సంపుటం వెలువడింది. 2020లో మహమ్మారి కాలంలో పూర్వ సభ్యులూ, వివిధ దేశాల అభిమానులూ ఎవరి ఇళ్ళనుండి వారు ‘ప్రొక్లమేషన్’ పాటను ముక్కలు ముక్కలుగా వాయించి పంపగా వాటిని ఒక్క దృశ్యంగా కూర్చారు. ముక్కలను పంచుకుని పాట కట్టడమే వీరి విద్య కనుక ఇంతకంటె తగిన గౌరవం మరొకటి లేదు. 2023లో అమెరికన్ ర్యాప్ గాయకుడు ట్రావిస్ స్కాట్ తన ‘యుటోపియా’ ఆల్బమును అదే ‘ప్రొక్లమేషన్’ ముక్కతో ఆరంభించినప్పుడు, బృందం పేరు కూడా తెలియని కోట్లమంది చెవుల్లో వీరి సంగీతం పడింది.

కొత్త శ్రోత ‘ఫ్రీ హ్యాండ్’తో మొదలుపెట్టి, ‘ఆక్టోపస్’కు వెళ్ళి, ఆ తరువాతే ‘ఇన్ ఎ గ్లాస్ హౌస్’ను పట్టుకోవడం మేలు. మొదటిసారి గొంతులను, రెండవసారి బేస్ గిటారును, మూడవసారి వెదర్స్ దెబ్బను అనుసరించి వింటే అల్లిక దానంతటదే విడివడుతుంది. తాళం వేయడం తెలిసినవారు చేతితో లెక్క పెట్టుకుంటూ వినాలి. లెక్క తప్పిన చోటనే ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి. ఇందుకు పట్టే సమయం పెద్దదేమీ కాదు. మలక్‌పేట మెట్రో స్టేషనులో ఎక్కిన ప్రయాణికుడు మియాపూర్‌లో దిగేలోగా ‘ఆక్టోపస్’ ఎనిమిది పాటలూ పూర్తిగా వినవచ్చు.